జగ్గమ్మ కలిపిన సిమెంటు

నరసన్నపేట నుంచి తూర్పుకి రోడ్డు దిగి, చేలగట్ల మీద కాసేపు నడిస్తే జగ్గమ్మ ఊరు వస్తుంది. ఆ చుట్టుపక్కల ఎవరు గోడ లేపాలనుకున్నా ముందుగా వచ్చి ఆమె పెరట్లో నిలబడేవారు. ఇటుక ఎవరైనా కాల్చుకుంటారు, కలప ఎక్కడైనా కోయించుకుంటారు. వాటిని విడిపోకుండా పట్టి ఉంచేది సున్నం. ఆ సున్నం జగ్గమ్మ గానుగలో నలిగితేనే గోడకి ఆయుష్షని జనానికి గట్టి నమ్మకం.

సముద్రపొడ్డు నుంచి గుల్లలు బళ్ళ మీద వచ్చేవి. బట్టీలో కాలిన గుల్ల మీద నీళ్ళు చల్లితే బుసకొట్టి, పగిలి, తెల్లటి పొడయ్యేది. దానికి ఇసుక, ఇటుకపొడి కలిపి, గుండ్రంగా తవ్విన రాతి కాలవలో పోసి, ఎద్దుని కట్టి రాతి చక్రం తిప్పాలి. కరక్కాయ నానిన నీళ్ళు పోయాలి. మిద్దె పని అయితే బెల్లం నీళ్ళు కూడా. రుబ్బింది వెంటనే వాడకూడదు. తడి గోనె కప్పి నానబెట్టాలి. మర్నాడు మళ్ళీ తిప్పాలి, మళ్ళీ నానబెట్టాలి. జగ్గమ్మ చిటికెడు తీసి బొటనవేలి మీద రాసుకుని ఎండకి చూసేది. వేలి గీతల్లోకి దిగి, తుడిచినా పోకుండా ఉంటేనే "పట్టుకెల్లండి" అనేది. లేకపోతే ఎంతటి పెద్దమనిషి బండి తోలుకొచ్చినా ఖాళీగా తిప్పి పంపేసేది.

ఈ విద్య ఆమెకి అత్త దేముడమ్మ నేర్పింది. కాపురానికి వచ్చిన కొత్తలో, తొందరగా పని తెముల్చుకుందామని కోడలు గానుగ ఆపేస్తే, ముసిల్ది ముల్లుకర్ర పట్టుకుని వెంటపడేది. "సున్నమంటే పసిగుంటే. ఎంత సేపు ఒల్లో ఏసుకుంతే అంత బలం. బేగి దింపీసినావంటే గోడ కూడా బేగి దిగిపోద్ది!"

మొగుడు విషజ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. పుట్టింట్లో తల్లి చచ్చిపోతే, ఇంకా పాలు మరవని తమ్ముడు సోములుని తెచ్చుకుని చంకనేసుకుంది. వాణ్ణి ఎత్తుకునే ఎద్దు వెనకాల గానుగ చుట్టూ తిరిగింది. వాడు ఏడిస్తే ఎద్దు ఆగేది, ఎద్దు ఆగితే వాడు మళ్ళీ ఏడ్చేవాడు. ఆ తమ్ముడే పెరిగి తాపీ మేస్త్రి అయ్యాడు. అప్ప కలపడం, తమ్ముడు కట్టడం. పెళ్ళయ్యాక కూడా అదే పెరట్లో, గానుగకి అవతల పక్క ఇల్లు వేసుకున్నాడు. జగ్గమ్మ చేతివేళ్ళు సున్నానికి నెర్రెలిచ్చి ఉండేవి. సోములు ఎక్కడ గోడ పెట్టినా ఆ నెర్రెల్లోని తెలుపు అందులో ఉండేది.

అరవయ్యెనిమిదిలో ఆ ఊరి క్రైస్తవులు ప్రార్థన మందిరం తలపెట్టారు. అప్పటిదాకా వాళ్ళకి తాటాకుల పాకే. ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు అన్నం వండేముందు గుప్పెడు బియ్యం దేవుడి పేరున విడిగా కుండలో వేసేవారు. అన్నమ్మ అనే పెద్దావిడ వారం వారం ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేసేది. అలా ఏళ్ళ తరబడి కూడింది ఆ మందిరం. మిషను బడిలో పాఠాలు చెప్పే కృపానిధి మేష్టారు దానికి పెద్ద. గోడలన్నీ జగ్గమ్మ సున్నంతో సోములే లేపాడు. తప్పెన్నడానికి లేదు. గోరుతో గీకితే గోరే అరిగేది.

మేష్టారికి ఒక్క కోరిక మిగిలిపోయింది. శ్రీకాకుళంలో చూసొచ్చిన కట్టడాలకి మల్లే, వాకిట్లో రెండు స్తంభాల మీద ఒక చిన్న సిమెంటు కప్పు ఉండాలి. వానొస్తే జనం దానికింద చెప్పులు విప్పుకోవాలి. ఆ రోజుల్లో సిమెంటు దొరకడం గగనం. మేష్టారు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరగదీశారు. చివరికి బస్తాలు బండి మీద, పైన తాటాకు చాప కప్పుకుని, కొత్త పెళ్ళికూతుర్లా వచ్చాయి. ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చింది.

"సోములూ, ఇది నువ్వు చెయ్యగలవా?" అన్నారు మేష్టారు.

"సున్నంతో మిద్దెలు ఏసినోడికి ఇదొక లెక్కేటి మేష్టారూ!" అన్నాడు సోములు. పెద్దరోడ్డు మీద కల్వర్టు కడుతుంటే ఇనుప ఊచలు ఎలా కడతారో, చెక్కలు ఎలా బిగిస్తారో ఒకపూట నిలబడి చూసొచ్చాడు. ఇసుక ఎంత, కంకర ఎంత, సిమెంటు ఎంత అన్నది బస్తాలిచ్చిన షాపువాడు చెప్పాడు. కలిపాక ఎంతసేపట్లో వాడాలన్నది వాడు చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. తెలిసినవాడికి అది చెప్పవలసిన సంగతే కాదు. తెలియనివాడికి అది అడగవలసిన సంగతని తట్టదు.

బస్తాలు పెట్టిన గది తాళంచెవి సోములు మొలతాడుకే ఉండేది. తట్టలతో కొలిచి అతనే బయటికి తెచ్చేవాడు. తెచ్చినదాన్ని కలపడం జగ్గమ్మ వంతు. ఆమె మొదట చిటికెడు తీసి వాసన చూసింది.

"ఇదేట్రా! ఉడుకు నేదు, ఊపిరి నేదు. నీల్లు పోస్తే బుస్సుమని కూడా అనదు. సచ్చిన సున్నం లాగున్నాది."

"అది అంతేనట అప్పా."

"అంతే అయితే మరీ జాగర్తగా సూడాల. బలం నేని బిడ్డకే కదా ఎక్కువ సాకుడు."

అలా అని, తను ఎరిగినదంతా దానికి చేసింది. సాయంత్రమే ఇసుకతో కలిపి, నీళ్ళు పోసి, ముద్ద చేసి తడి గోనెలు కప్పింది. తెల్లారి చూస్తే అది బిగుసుకుపోయి ఉంది. సున్నం ఎప్పుడూ అంత పంతం పట్టలేదు. 'కొత్త సరుకు, కోపం ఎక్కువ' అనుకుంది. పారతో పగలగొట్టి గానుగలో వేసి, నీళ్ళు పోసి, ఎద్దుని కట్టి తిప్పింది. పొద్దెక్కేసరికి ముద్ద మెత్తగా, నిగనిగలాడుతూ తయారైంది. సోములు అందులో తాపీ గుచ్చి మురిసిపోయాడు.

"అప్పా, ఎన్నపూసే! కంకర కలిపీ, పోసెత్తాను."

కప్పు పోశారు. గోనెలు పరిచి రోజూ తడిపారు. సోములు తృప్తిగా గోనెల తడి చూసుకుంటూ, కప్పుకి కింద పోట్లుగా పెట్టిన వెదురుబొంగుల్ని తట్టి చూసుకుంటూ తిరిగాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, అందరి ముందూ ఆ పోట్లు తీద్దామన్నారు మేష్టారు. ఆడవాళ్ళు పాట అందుకున్నారు. సోములు రెండు బొంగులు లాగాడు. మూడోది లాగుతుండగా పైన చిన్నగా చిట్లిన చప్పుడైంది. ఒక్క గెంతులో అతను బయటపడ్డాడు. కప్పు నడిమికి కుంగి, ఊచలకి వేలాడి, పెళ్ళలు పెళ్ళలుగా కిందికి జారింది. పాట ఎవరి నోట ఉన్నది వారి నోటనే ఆగిపోయింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. అన్నమ్మ వంగి ఒక పెళ్ళ తీసి నొక్కింది. అరిసెల పిండిలా వేళ్ళ సందుల్లోంచి రాలిపోయింది. ఆవిడ గుప్పెట్లో మిగిలిన ఇసుకని చూస్తూ నిలబడిపోయింది.

ముందు నోరు విప్పినవాడు నూకయ్య. సంఘ పెద్దల్లో నోరున్న మనిషి. "ఏటిది? ఇందులో సిమిట్టెక్కడుందిరా సోములూ? ఇసక, కంకర. బస్తాలు నిండుగా దిగినాయి, మా కల్లతో సూసినాం. గది తాళం నీ మొలకే ఉన్నాది. మరి సిమిట్టి రెక్కలొచ్చి ఎగిరిపోనాదేటి?"

"నూకయ్య మావా, మాట జాగర్త!"

"నాకెందుకు జాగర్త? ఇది మా ఆడోల్ల గుప్పిటి బియ్యం!"

ఆ కాలంలో సిమెంటు పని చెడితే జనానికి తోచే కారణం ఒక్కటే. బూడిద కలిపి, మంచి సరుకు ఇంకో ఊరికి తోలేశారని. మేష్టారు కూడా సోములు మొలకున్న తాళంచెవి వైపే చూశారు. సోములు చుట్టూ చూసి, ఆఖరికి అప్ప వైపు తిరిగాడు.

"అప్పా, నువ్వు సెప్పు. కలిపింది నువ్వే కదా."

జగ్గమ్మ ముందుకు వచ్చింది. రాలిన ముక్కని బొటనవేలి మీద రాసుకుంది. పట్టు లేదు, జీవం లేదు. ఆ ముద్దని ఆమె రాత్రంతా నానబెట్టింది, గానుగలో తిప్పింది, ఎద్దు నోట నురగలొచ్చేదాకా తిప్పింది. తన చేతిలో అన్యాయం జరగలేదు. జరగలేదంటే, చేతికి వచ్చిన సరుకులోనే ఏదో జరిగి ఉండాలి. ఈ ఆలోచన ఆమె తెచ్చుకున్నది కాదు, దానంతటదే వచ్చి కూర్చుంది.

"నా కలపడంలో లోపం నేదు," అంది.

అంతే అంది. సోములు మొహంలోంచి రక్తం దిగిపోవడం అందరూ చూశారు. "ఇంకేటి, సొంత అప్పే సెప్పీసింది," అన్నాడు నూకయ్య. వచ్చే ఆదివారం ఆరాధన దాకా గడువిచ్చారు పెద్దలు. ఒప్పుకుని సరుకు తిరిగి తెస్తే సరేసరి, లేకపోతే నరసన్నపేట పోలీసు స్టేషను.

ఆ సాయంత్రం పెరట్లో సోములు పెళ్ళాం చిన్నతల్లి గానుగకి అటుపక్క నిలబడి కడుపులోదంతా కక్కేసింది. "ఏటొదినా, నీ సేతికి పేరు పోకూడదని మా ఆయన మెడకి ఉరేసినావు! పెంచినావు, బాగానే పెంచినావు. పెంచింది ఇందుకేనేటి? రేపు మా గుంటలు బడికెలితే దొంగోడి పిల్లలంతారు. నీకేటి, నీకు పిల్లలా జెల్లలా!"

జగ్గమ్మ ఎద్దుకి గడ్డి వేసి, పశువుల పాకలో ఒక్కడే కూర్చున్న తమ్ముడి దగ్గరికి వెళ్ళింది.

"ఒరే, నాతో సెప్పు. ఎవులైనా మాయమాట సెప్పినారేటి? తీస్తే తీసినానని సెప్పీ. నాను పెద్దల కాల్లు పట్టుకుంతాను."

సోములు తలెత్తి ఆమెని చూశాడు. "నువ్వే అడుగుతన్నావేటి?" అని, కండువా భుజానేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆమెతో మాటాడలేదు.

జగ్గమ్మకి తిండి సయించలేదు. తమ్ముడు దొంగ అనుకుంటే గుండె ఒప్పదు. కాదనుకుంటే చెయ్యి ఒప్పదు. రెండు రోజులు ఇలాగే కొట్టుకుని, చివరికి మేష్టారి ఇంటికి వెళ్ళింది.

"బస్తాల అడుగుని ఏటైనా మిగిలుంతే కాసింత ఇప్పించండి బాబూ. నా సేత్తో నాను కలిపి సూత్తాను. ఎవులి సెయ్యీ తగలనీను. నాది గట్టిపడితే..." అని ఆగిపోయింది. గట్టిపడితే సోములు దొంగ అన్నమాట. ఆ మాట మేష్టారికీ అర్థమైంది. లోపలికెళ్ళి ఖాళీ బస్తాలు దులిపి దులిపి, ఒక చిన్న గిన్నెడు తెచ్చి ఆమె చేతికి ఇచ్చారు.

ఆమె అంతా పద్ధతిగా చేసింది. షాపువాడు చెప్పిన పాళ్ళలో ఇసుక కొలిచింది. కలిపి తీసుకెళుతుంటే తట్ట అంచు నుంచి ఒక ముద్ద జారి కుడితి తొట్టి పక్కన పడింది. ఎత్తడానికి ఓపిక లేక వదిలేసింది. మిగిలినదాన్ని గోనె కింద నానబెట్టి, తెల్లారి పగలగొట్టి, గానుగలో తిప్పి, బత్తాయంత ఉండ చేసింది. నీడన పెట్టి, కప్పు మీద చల్లినట్టే దాని మీదా నీళ్ళు చల్లింది. దానికి కాపలా కాసింది. ఆ ఉండ ఒక పక్క గట్టిపడాలనీ, ఒక పక్క గట్టిపడకూడదనీ కోరుకుంటూ కాసింది.

శనివారం పొద్దున ఉండని చేతిలోకి తీసుకుని నొక్కింది. పొడిపొడిగా రాలింది.

మొదట ఆమెకి ఊపిరొచ్చింది. సోములు తియ్యలేదు! ఆ వెంటనే, 'అయితే సరుకే దొంగ సరుకా? షాపువాడే మోసం చేశాడా?' అనుకుంటూ, ఎద్దుకి కుడితి పెడదామని తొట్టి దగ్గరికి వెళ్ళింది. కాలి బొటనవేలు దేనికో కొట్టుకుని ప్రాణం జివ్వుమంది. చూస్తే, ఆ రోజు జారిపడ్డ ముద్ద. తొట్టి నీళ్ళు ఒలుకుతూ ఒలుకుతూ దాని మీద పడుతూనే ఉన్నాయి. ఎవరూ తాకలేదు. చేత్తో కదిపింది, కదల్లేదు. గునపం తెచ్చి పొడిచింది, ఠంగుమంది. నేలతో సహా పెళ్ళగించుకుంటే గాని రాలేదు.

ఒకటే గిన్నె సిమెంటు, ఒకటే తట్ట, ఒకటే చెయ్యి. వదిలేసింది రాయైంది. రాత్రంతా సాకింది మట్టైంది.

జగ్గమ్మ తొట్టి పక్కనే కూలబడింది. తెల్లారగట్ల గోనె తీసినప్పుడు అది బిగుసుకుని ఉండడం గుర్తొచ్చింది. పంతం అనుకుంది. అది అప్పటికే రాయి కావడం మొదలుపెట్టింది. తను పార తీసుకుని దాన్ని పగలగొట్టి, గానుగలో వేసి, ఎముకలు విరిచింది. విరిచి, మెత్తగా ఉందని మురిసింది.

సరుకు దొంగది కాదు, సోములు దొంగ కాదు. ఈ మాట రేపు పదిమందిలో చెప్తే ఇంక తన గానుగ దగ్గరికి ఎవరొస్తారు? నూకయ్య నోరు ఊరుకుంటుందా? అత్త పేరు, తన పేరు, ఆ రాతి చక్రం అంతా ఇంతటితో సరి. ఈ ఊహ వచ్చింది, ఒక్క నిమిషం పక్కన కూర్చుంది. కాని దానికంటే పెద్దది ఒకటి ఆమె ఛాతీ మీద అంతకుముందే కూర్చుని ఉంది. పాకలో తమ్ముడు తనని చూసిన చూపు.

ఆదివారం ఆరాధన ముగిసి జనం బయటికి వచ్చేసరికి, కూలిన కప్పు పక్కన జగ్గమ్మ కొంగులో రెండు ముక్కలతో నిలబడి ఉంది. సోములు దూరంగా గోడకానుకుని కూర్చున్నాడు. పక్కన చిన్నతల్లి.

"తప్పు నాది," అంది జగ్గమ్మ. "సిమిట్టిని నాను నానబెట్టీసినాను. నానబెట్టకూడదు. ఇదిగో, ఇది నానబెట్టింది. ఇది నానబెట్టంది. రెండూ ఒక్క ముద్దే."

నూకయ్య నవ్వాడు. "బాగున్నాది జగ్గమ్మా! తమ్ముడ్ని తప్పించడానికి ఏ ఏట్లో రాయో తెచ్చి సిమిట్టంతన్నావు. మా ఇంట్లో రుబ్బురోలున్నాది, అదీ సిమిట్టే, తేనా?"

నలుగురు నవ్వారు. అన్నమ్మ నవ్వలేదు. గట్టి ముక్కని తీసుకుని తిప్పి చూసింది. కింది పక్కన తొట్టి దగ్గరి మట్టి, రెండు గడ్డిపరకలు అందులో ఇరుక్కుని ఉన్నాయి. "ఏటి రాయిలో గడ్డి మొలుత్తాదేటి నూకయ్యా?" అంది.

మేష్టారు ముందుకు వచ్చారు. "అసలు నానబెట్టమని నీకెవరు చెప్పారు?"

"ఎవులూ సెప్పనేదు బాబూ. మా అత్త సెప్పింది. సున్నానికి సెప్పింది. నాను దీనిక్కూడా సేసీసినాను."

మేష్టారు ఇంకేమీ అడక్కుండా సైకిలెక్కి పెద్దరోడ్డు మీద కల్వర్టు కడుతున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళారు. జనం ఎక్కడివాళ్ళక్కడే నీడల్లో కూర్చున్నారు. ఆయన తిరిగొచ్చేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

"కలిపింది కలిపినట్టు వాడెయ్యాలట. బిగిశాక మళ్ళీ నీళ్ళు పోసి పిసికితే ఇంక అది దేనికీ పనికిరాదట. రాత్రంతా ఉంచామంటే వాళ్ళు నమ్మలేదు," అన్నారు. తర్వాత సోములు దగ్గరికి నడిచి, అందరూ చూస్తుండగా చేతులు జోడించారు. "మేం తప్పు మాటన్నాం సోములూ. క్షమించు."

"మీకు తెల్దు, అన్నారు. పోన్లెండి మేష్టారూ," అన్నాడు సోములు. నూకయ్య కూడా దగ్గి, "మనకేటి తెలుసురా, కొత్త సరుకు," అని గొణిగాడు. సోములు తలూపాడు. లేచి ఇంటిదారి పట్టాడు.

జగ్గమ్మ గట్టు మీద వెనకాలే పరుగులాంటి నడకతో వెళ్ళింది. "ఒరే, ఆగరా. తమ్ముడా, ఆగు."

ఆగాడు. వెనక్కి తిరక్కుండానే మాటాడాడు. "ఆల్లు బయటోల్లు. అనీసినారు, ఒగ్గీసినాను. నువ్వు నన్ను సంకనేసుకుని పెంచినావు. నాను దొంగతనం సేత్తానో సెయ్యనో, నీకు తెల్దేటప్పా?"

ఆమె తన చేతిని నమ్మినంతగా వీణ్ణి నమ్మలేదని ఏ నోటితో చెప్తుంది?

మళ్ళీ సిమెంటు దొరకడానికి ఒక వానాకాలం గడిచింది. ఈలోగా గోడల పనులకి ఎవరో ఒకరు గానుగ దగ్గరికి వస్తూనే ఉన్నారు గాని, వచ్చినవాళ్ళు ఇదివరకులా నమ్మకంగా నిలబడేవారు కాదు. "ఇది ఎంత నానాలో నీకు బాగా తెలుసు కదే?" అని అడిగేవారు. అడిగేది సున్నం గురించి. అయినా అడిగేవారు.

రెండోసారి కప్పు పోసిన రోజు, మందిరం వాకిట్లోనే రేకు పరిచి కలిపారు. ఏది ఎప్పుడు ఎంత అన్నది సోములు చెప్తే జగ్గమ్మ చేసింది. కలిపింది బిగిసేలోగా అందాలి. ఇన్నేళ్ళూ ఎద్దు నడకతో నడిచిన మనిషి, తట్ట నెత్తిన పెట్టుకుని పరుగులు తీసింది. "తే." "సాలు." "నీల్లు తగ్గించు." అంతవరకే అతని మాటలు. మధ్యలో ఆమె, "కాసింత గంజి తాగుతావేట్రా?" అంది. "ముద్ద ఆగదు, బేగి తే," అన్నాడు.

పోట్లు తీసే రోజున ఈసారి పాట లేదు. మేష్టారు జనాన్ని దూరంగా నిలబెట్టారు. సోములు సుత్తి తీసుకుని వంగేసరికి, జగ్గమ్మ వెళ్ళి సరిగ్గా కప్పు నడిమిన, కింద నిలబడింది.

"అప్పా, అవతలకి రా."

"కొట్టు."

"అప్పా, సత్తావేటే! బయటికి రా!"

"నువ్వు కొట్రా. నాను ఇక్కడే ఉంతాను."

సోములు ఒక్కొక్క బొంగూ కొట్టాడు. ఆఖరిది పడిపోయాక కూడా సుత్తి ఎత్తి పట్టుకుని పైకే చూస్తూ ఉండిపోయాడు. కప్పు కదల్లేదు. చెక్కల సందుల్లోంచి కొంచెం ఇసుక రాలి ఆమె తల మీద పడింది. అన్నమ్మ వచ్చి దులిపింది.

ఆ మధ్యాహ్నం చిన్నతల్లి గానుగ దాటి వచ్చి, "వొదినా, అన్నానికి రా," అని పిలిచింది. జగ్గమ్మ వెళ్ళి వాళ్ళ వసారాలో కూర్చుంది. సోములు అప్పటికే తినేసి, చెయ్యి కడుక్కుని పనిలోకి వెళ్ళిపోయాడు.